మసియే వెలుగు

దీపమునకు గాజు చిమ్నీ ఎందులకని అడిగినచో, గాలి తగిలి దీపము ఆరిపోకుండుటకని ఎవరైనను తడుముకొనకుండ చెప్పుదురు. అది అబద్ధము కాదు గాని, అసలు సంగతిలో అల్పాంశము మాత్రమే. తలుపులన్నియు బిగించి, గాలి కదలని గదిలో, చక్కగా వెలుగుచున్న కిరసనాయిలు దీపముపైనుండి చిమ్నీని గుడ్డతో పట్టుకొని తొలగించి చూడుడు: అంతవరకు తెల్లగా, నిలుకడగా, అంచులు దిద్దినట్లున్న జ్వాల క్షణములో ఎఱ్ఱబడి, పొడుగై, కొన నాలుకలుగా చీలి, పైకప్పువైపునకు సన్నని నల్లని పొగను వదలును. తిరిగి పెట్టినంతనే పొగ మాయమగును, జ్వాల పొట్టిదగును, వెలుగు ఇనుమడించును. వీచుగాలియే లేని గదిలో ఆ గాజుగొట్టము అడ్డగించినది ఏమున్నది? అది గాలిని క్రిందినుండి లాగి జ్వాలకు అందించుచున్నది. కమ్మరికొలిమికి తిత్తి ఎట్లో ఈ దీపమునకు చిమ్నీ అట్లు, కాని ఈ తిత్తిని ఊదువాడెవడును లేడు, జ్వాలయే తన వేడిమితో దానిని నడుపుకొనుచున్నది.

ఈ యంత్రము తెలియవలెనన్నచో మొదట దీపములో వెలుగు ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. వత్తి కాలుట చేత వెలుగు వచ్చుచున్నదని తోచును గాని, కాలునది వత్తియు గాదు, ద్రవరూపమున నున్న నూనెయు గాదు. వత్తిలోని నూలుపోగుల నడుమ నుండు సన్నని సందులలో కేశనాళికాకర్షణము చేత నూనె పైకి ప్రాకి, కొనయందు వేడికి ఆవిరియై, ఆ యావిరి కాలుచున్నది. జ్వాల నడిగర్భమునకు ప్రాణవాయువు అందదు. అచట ఆవిరి కాలక, వేడికి విచ్ఛిన్నమై, అతిసూక్ష్మములైన కర్బనరేణువులుగా విడిపోవును. అనగా మసి యగును. ఆ మసిరేణువులు వేయి డిగ్రీలకు మించిన వేడిలో పసుపువన్నెతో ప్రజ్వరిల్లుటయే మనము చదువుకొనుటకు, వండుకొనుటకు, ఒకరి ముఖ మొకరు చూచుకొనుటకు పనికివచ్చు వెలుగు. 1810లలో గనులలోని రక్షక దీపమును గూర్చి పరిశోధించుచు హంఫ్రీ డేవీ ఈ విషయమును విశదపరచెను. ఆయన శిష్యుడైన మైకేల్ ఫారడే 1860–61 శీతకాలమున లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో బాలబాలికలకు కొవ్వొత్తిని గూర్చి ఇచ్చిన ఉపన్యాసములలో దీనిని ప్రయోగములతో చూపెను.

కావున దీపకారుని సంకటము విచిత్రమైనది. మసి పుట్టకున్న వెలుగు లేదు. పుట్టిన మసి జ్వాలను దాటి బయటపడినచో వెలుగు పోవుటయే గాక ఇల్లు నల్లబడును. గాలి చాలకున్న మసి మిగులును. గాలి మితిమీరి ముందుగనే ఆవిరిలో కలిసినచో జ్వాల నీలివర్ణమై, వంటకు పనికివచ్చునే గాని వెలుగునకు పనికిరాదు. మసి పుట్టవలెను, ప్రజ్వరిల్లవలెను, జ్వాల అంచు చేరునప్పటికి శేషము లేకుండ కాలిపోవలెను. కనురెప్పపాటులో ముగియు ఈ క్రమమును సరిదిద్దుటకే బర్నరు, చిమ్నీ అను రెండు వస్తువులు పుట్టినవి. అవి రెండు వస్తువులని మనము తలచుచున్నాము గాని, శాస్త్రదృష్టితో చూచినచో ఒకే యంత్రమునకు అవి లోహభాగమును, గాజుభాగమును మాత్రమే.

ఎంత గాలి కావలెను? ఒక గ్రాము కిరసనాయిలు పూర్తిగా కాలుటకు సుమారు 15 గ్రాముల గాలి అవసరము. లెక్కవేసినచో ఒక మిల్లీలీటరు నూనెకు దాదాపు 10 లీటర్ల గాలి. గంటకు 25 మిల్లీలీటర్లు త్రాగు చిన్నదీపము సైతము గంటకు 250 లీటర్లకు తక్కువ గాకుండ గాలిని పీల్చవలెను. ప్రమిదలోని వత్తికి ఈ సదుపాయము లేదు. దాని జ్వాలకు బయటి అంచున మాత్రమే గాలి తగులును. వత్తి లావైనకొలది లోపలి ఆవిరికి గాలి దూరమగుచు పోవును. పెద్దవెలుగు కావలెనని ప్రమిదలో లావువత్తి వేసినవారికి పెద్దపొగ దక్కుటకు కారణ మిదియే; మన పెద్దలు ఒక లావువత్తికి మారుగా సెమ్మెచుట్టును అనేకములైన సన్నని వత్తులు వెలిగించుట మంచి ఇంజనీరింగు.

ఈ చిక్కును విడదీసినవాడు జెనీవా నగరవాసి ఏమీ ఆర్గాండు. 1750లో జన్మించి, పారిసులో రసాయనశాస్త్రము నేర్చి, దక్షిణ ఫ్రాన్సులో సారాయిబట్టీలను సంస్కరించుచుండగా, 1780 ప్రాంతమున ఆయనకు ఒక ఊహ తోచినది: వత్తిని గొట్టమువలె నేసి, ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు లోహనాళముల నడుమ నిలిపి, లోపలి నాళమును అడుగున తెరచి ఉంచినచో, జ్వాల ఉంగరపు ఆకారమును ధరించును, దానికి బయటినుండియు లోపలినుండియు గాలి తగులును. జ్వాలలోని ప్రతిభాగమును గాలికి దగ్గరయ్యెను గదా! ఐనను ఉంగరములోపలి గాలి తనంత తాను వేగముగా ప్రవహింపలేదు. అప్పుడు ఆర్గాండు జ్వాలపై ఒక గొట్టమును నిలిపెను. మొదట అది ఇనుపరేకుది, జ్వాలకు పైభాగమున వ్రేలాడునది. పిమ్మట జ్వాలను చుట్టియుండు గాజుగొట్టమయ్యెను. ఆయన తమ్ముడు పగిలిన సీసామెడను ఊరక జ్వాలపై పెట్టగా వెలుగు భగ్గుమన్నదని ఒక కథ ప్రచారములో కలదు. ఆవిష్కరణములకు ఇట్టి కథలు అంటుకొనుట మామూలే. ఆర్గాండు 1783లో ఎట్టియెన్ మాంగొల్ఫియేకు గాలిగుమ్మటముల ప్రయోగములలో తోడ్పడినవాడు. వేడిగాలి పైకెగయుననుటకు ఆయనకు సీసామెడ చెప్పవలసిన పని లేదని నా తలంపు.

ఇంగ్లాండులో ఆయనకు 1784లో పేటెంటు లభించెను. బర్మింగ్‌హాములో మాథ్యూ బౌల్టను లోహభాగములను, లండనులో విలియం పార్కరు గాజును తయారుచేయ పూనుకొనిరి. ఒక్క దీపము ఆరు మొదలు పది కొవ్వొత్తుల పెట్టు వెలుగునిచ్చుచుండగా అనుకరించువారికి కొదువ యేమి? 1786లో న్యాయస్థానము పేటెంటును కొట్టివేసెను. పారిసులో ఔషధవిక్రేత ఆంత్వాన్ కెంకే ఇట్టి దీపములనే అమ్ముచుండుటచే ఫ్రెంచి ప్రజల నోట దీపమునకు కెంకే పేరే నిలిచెను. లాంజ్ అనువానితో కలిసి ఆర్గాండు సంపాదించిన రాజశాసనహక్కును విప్లవము మ్రింగివైచెను. 1803లో ఆయన దారిద్ర్యములో కన్నుమూసెను.

చిమ్నీలోని లాగుడుబలము ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తేల్చుకొనవచ్చును. 25 సెంటీమీటర్ల ఎత్తున్న చిమ్నీలో వాయువుల సగటు వేడి 300 డిగ్రీలనుకొందము. ఆ వేడిలో గాలి వ్యాకోచించి దాదాపు సగమునకు తేలికపడును. లోపలి తేలికగాలి స్తంభమునకును, బయట అంతే ఎత్తున్న బరువుగాలి స్తంభమునకును గల తూకభేదమే లాగుడు. అది నీటిమట్టముతో కొలిచినచో ఒక మిల్లీమీటరులో ఏడవ వంతు. ఊపిరితో గూడ ఇంతకంటె ఎన్నోరెట్లు ఒత్తిడి పుట్టింపవచ్చును. అయినను గొట్టపు గోడల రాపిడిని విస్మరించినచో ఈ స్వల్పభేదమే లోపలి వాయువునకు సెకనుకు రెండు మీటర్ల వేగము నీయగలదు. చిమ్నీ ఎత్తు పెరిగినకొలది లాగుడు పెరుగును. కాని మితిమీరి పెంచినచో రాపిడియు పెరుగును, జ్వాలయు చల్లబడును. అందుచేతనే ప్రతి బర్నరునకును తగిన ఎత్తు ఒకటి ఉన్నది. చిమ్నీ పగిలినప్పుడు అంగడిలో దొరికినది తెచ్చి తగిలించి, దీపము పొగ కక్కుచున్నదని నూనెను తిట్టువారు ఎందరో! పిట్స్‌బర్గులో సీసపుగాజు చిమ్నీలను చేయించిన జార్జి మెక్‌బెత్ ఏ దీపమునకు ఏ చిమ్నీ తగునో తెలుపు పట్టికను అచ్చొత్తించి, అడిగినవారికి ఉచితముగా పంపుచుండెడివాడు. అది వ్యాపారమే గాని, అందులో భౌతికశాస్త్రము కూడ ఉన్నది.

ఆర్గాండు దీపమునకు ఒక శత్రువు మిగిలెను, అది నూనె. ఆవనూనె జాతికి చెందిన కోల్జా నూనె చిక్కనిది. వత్తి వెంట కొద్ది ఎత్తు మాత్రమే ఎక్కును. మన యాముదమైనచో కిరసనాయిలుకంటె కొన్ని వందల రెట్లు చిక్కదనము కలది. ప్రమిదలో వత్తికొన నూనెమట్టమునకు అంగుళములోపుననే ఉండుటకు కారణమదియే. కావున ఆర్గాండు నూనెతొట్టిని జ్వాలకు ప్రక్కగా ఎత్తుమీద నిలుపవలసి వచ్చెను. ఆ తొట్టి నీడ బల్లమీద పడెడిది. 1800లో పారిసునందలి గడియారపు పనివాడు కార్సెల్ నూనెను అడుగుననే ఉంచి, గడియారపు యంత్రముతో పైకి తోడించెను. నిలుకడలో ఆ దీపమును మించినది లేకపోవుటచే ఫ్రాన్సులో వెలుగును కొలుచుటకు దానినే ప్రమాణముగా గైకొనిరి: గంటకు 42 గ్రాముల కోల్జా నూనె కాల్చునట్లు సరిచేసిన దీపపు వెలుగు ఒక కార్సెలు. దానికి వత్తి కొలత మాత్రమే గాక, చిమ్నీ ఎత్తును, దాని నడుము ఎక్కడ సన్నమగునో అదియు మిల్లీమీటర్లతో నిర్దేశించిరి. గాజు ఆకారము మారినచో వెలుగే మారునని ఆనాటి కొలతగాండ్రకు తెలియును.

ఈ యంత్రాడంబరమును నిరర్థకము చేసినది కిరసనాయిలు. నోవా స్కోషియావాసి అబ్రహాం గెస్నరు 1846లో బొగ్గునుండి తీసిన పలుచని నూనెను వెలిగించి చూపెను. ల్వోవ్ నగరములో మందులదుకాణమున పనిచేయుచుండిన ఇగ్నాసీ లుకసేవిచ్ 1853లో భూతైలమునుండి దించిన నూనెకు దీపము చేయించెను, ఆ ఏడు జూలై 31 రాత్రి ఆ నగరపు ఆసుపత్రిలో ఆ దీపపు వెలుగున శస్త్రచికిత్స జరిగెను. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేకు తవ్వించిన బావి తరువాత నూనె ఏరులై పారెను. పలుచని నూనె కావున వత్తివెంట జానెడు ఎత్తు తేలికగా ఎక్కును; తొట్టిని జ్వాలకు నేరుగా అడుగున పెట్టవచ్చును; నీడ లేదు, గడియారము లేదు. కాని కిరసనాయిలులో కర్బనము పాలు హెచ్చు గనుక, చిమ్నీ లేకున్న అది మసి కక్కును. ఆముదపు దీపమునకు గాజు లేకున్నను జరుగును. కిరసనాయిలు గుడ్డిదీపము వెలిగించిన గూడు ఎంత నల్లబడునో మన పల్లెయిండ్ల గోడలను చూచినవారికి తెలియును. కోస్తాలో కిరసనాయిలనియు, తెలంగాణములో గాసునూనె యనియు పిలువబడు ఈ ద్రవము బుడ్డిని, కందిలిని, చిమ్నీని వెంటబెట్టుకొనియే మన యిండ్లలో ప్రవేశించినది.

ఇక బల్లపట్టీవత్తి బర్నరు నొకదానిని విప్పి చూతము. అడుగున మరచుట్టు, దానితో బర్నరు నూనెబుడ్డికి బిగియును. దానిపై చిల్లుల రేకు. గాలి బయటనుండి గుప్పున చొరబడక, చిల్లులలో చీలి, నెమ్మదించి, అన్నివైపులనుండి సమముగా లోనికి వచ్చునట్లు చేయుట దాని పని. నడుమ బల్లపరుపు గొట్టము, అందులో వత్తి. గొట్టపు ప్రక్కన రెండు మూడు పండ్లచక్రములు ఒక కడ్డీకి గ్రుచ్చబడి, పండ్లు వత్తిలో నాటుకొని, బయటి బిళ్ళను త్రిప్పినప్పుడు వత్తిని ఎక్కించుచు దించుచు నుండును. ఈ గొట్టము ప్రక్కననే మరియొక సన్ననాళము పలు బర్నరులలో కానవచ్చును. నూనె తరుగుకొలది బుడ్డిలోనికి గాలి పోవుటకు అది త్రోవ. అన్నిటికి పైన ఇత్తడి గుమ్మటము, దాని నడినెత్తిన పొడవైన చీలిక. చూచుటకు అలంకారముగా తోచు ఈ గుమ్మటమే బర్నరునకు హృదయము. చిల్లులగుండ వచ్చిన గాలి దాని క్రింద చేరి, మఱొక దారిలేక చీలికగుండ ఇరువైపులనుండి జ్వాలమొదలును ఒరసికొనుచు పైకెగయును. బల్లపరుపుజ్వాల రెండు ముఖములకును గాలి అందును. వత్తికొన గుమ్మటపు చీలికకు కొంచెము దిగువననే ఉండవలెను. వత్తిని కత్తిరించునప్పుడు మూలలను కొంచెము గుండ్రముగా తీయకున్నచో, మూలలయందు జ్వాల రెండు కొమ్ములుగా లేచి గాజును తాకును. ఆ కొమ్ము తాకినచోటనే చిమ్నీ పగులును.

దీపము వెలిగించిన మొదటి నిమిషమున చిమ్నీ లోపలివైపు సన్నని ఆవిరిపొర పట్టి, మెల్లగా మాయమగుట అందరును చూచినదే. అది తడిగుడ్డతో తుడిచినందున మిగిలిన చెమ్మ గాదు. నూనెలోని ఉదజని కాలినప్పుడు పుట్టిన నీరు చల్లనిగాజుపై ద్రవించిన తేమ. ఒక లీటరు కిరసనాయిలు కాలినచో లీటరునకు పైగా నీరు ఆవిరిరూపమున పుట్టును! దీపస్తంభముల అద్దములపై ఈ నీరు పట్టి వెలుగును మందగింపజేయుచున్నదని గ్రహించి ఫారడే పొగను బయటకు గొనిపోవు ప్రత్యేక గొట్టమును కల్పించెను, దాని హక్కును తన అన్న రాబర్టునకు వదలివేసెను.

వెలుగు హెచ్చవలెనను కోరిక బర్నరుల వంశమును విస్తరింపజేసినది. 1865లో బర్మింగ్‌హాము హింక్సు కంపెనీ రెండు బల్లపట్టీవత్తులను ప్రక్కప్రక్కన నిలిపి డ్యూప్లెక్సు బర్నరు చేసెను. రెండు జ్వాలలు ఒకదానినొకటి వేడిచేసికొనుచు, నడుమ సందుగుండ గాలి పీల్చుచు ప్రకాశించును. దాదాపు అదే కాలమున బెర్లినులో వైల్డ్ ఉండ్ వెస్సెల్ సంస్థ కాస్మాస్ బర్నరును వెలువరించినది. అందులోని చమత్కారము మెచ్చుకొనదగినది: వెడల్పైన బల్లపట్టీవత్తి అడుగున సాదాగా ప్రవేశించి, పైకి పోవుకొలది గొట్టములో చుట్టుకొని, అంచులు కలిసి, కొనకు ఆర్గాండు ఉంగరమగును, గాలి ప్రక్కనుండి కోసిన ద్వారముగుండ లోపలికి పోవును. గొట్టపువత్తి నేయు ఖర్చు లేదు, వెలుగు మాత్రము దానిదే. దీని చిమ్నీ నిట్టనిలువుగా లేచి, జ్వాలమొదటికి కొంచెము పైన హఠాత్తుగా సన్ననిదగును. ఆ నడుము బయటి గాలిని లోనికి వంచి జ్వాలలోనికి నెట్టును. చిమ్నీని అరసెంటీమీటరు ఎక్కువ తక్కువగా దించినచో జ్వాలరూపమే మారిపోవును. బల్లపరుపుజ్వాల విసనకఱ్ఱవలె విచ్చుకొనును గనుక దాని చిమ్నీకి నడుమ బొజ్జ కావలెను. అందము నెఱిగిన గాజుపనివాడు వేడుకకు ఊదిన వంపులని మనము మురియు వంపులలో చాలభాగము జ్వాల శాసించినవే.

గాజు సంగతి వేరుగా చెప్పవలెను, ఏలయన బర్నరు తరములు నిలిచినను చిమ్నీ నిలువదు. సాధారణమైన సోడా-సున్నపు గాజుకడ్డీ మీటరు పొడవున్నది 100 డిగ్రీలు వేడెక్కినచో ముప్పాతిక మిల్లీమీటరునకు పైగా సాగును. చిమ్నీలో జ్వాలవైపు ముందుగా సాగగోరును, బయటివైపు సాగనీయదు. గాజు లాగుడును ఓర్వలేనిది. గాజు మందమైనకొలది ఈ భేదము హెచ్చును గనుక మందపు చిమ్నీ గట్టిదను నమ్మకము తలక్రిందులైనది. పలుచనిదే ఎక్కువకాలము మన్నును. కొత్త చిమ్నీని చన్నీటిలో ఉంచి, మరుగువరకు కాచి, ఆ నీటిలోనే చల్లార్చినచో పగులదని ఒక గృహవైద్యము పలుదేశములలో వ్యాపించినది. గాజులో ఊదునాడు మిగిలిన ఒత్తిడులు సడలుటకు 500 డిగ్రీల వేడి కావలెను. మరుగునీటికి ఆ శక్తి యెక్కడిది? బలహీనమైన చిమ్నీ కుండలోనే పగిలిపోవును, మిగిలినది మొదటినుండియు మంచిదే; వైద్యమునకు ఖ్యాతి మాత్రము దక్కును. మసిని తుడుచుటకు మనవారు వాడిన ముగ్గుపిండిని గూర్చియు ఒక మాట: అందులో ఒక్క ఇసుకరేణువున్నను గాజుపై గీత పడును, ఆ గీతయే పగులునకు బీజము. గాజు బలహీనతకు మూలము ఇట్టి సూక్ష్మపు పగుళ్లేయని 1920లో గ్రిఫిత్ అను ఇంగ్లీషు ఇంజనీరు నిరూపించెను. పాతకాగితపు ఉండ గాని, మెత్తని గుడ్డ గాని మేలు.

నిజమైన నివారణము జర్మనీలోని యేనా పట్టణమున లభించినది. 1884లో అటో షాట్, ఎర్నెస్టు ఆబె, జైస్ తండ్రికొడుకులతో కలిసి గాజు ప్రయోగశాలను స్థాపించి, గాజులో బోరికామ్లమును కలిపినచో వేడికి సాగుట మూడవవంతువరకు తగ్గునని కనుగొనిరి. వాన చినుకు పడినను పగులని చిమ్నీలు ఆ గాజుతో వచ్చినవి. మన దేశమున స్వదేశోద్యమదినములలో గాజుపరిశ్రమ తలయెత్తినప్పుడు చిమ్నీయే దానికి మొదటి సరకులలో నొకటి. సాతారా ప్రాంతపు ఓగలేవారి కర్మాగారములో చేసిన ప్రభాకర్ లాంతరు దేశమంతట ప్రసిద్ధి చెందెను.

ఆరుబయట పట్టుకొని తిరుగు హరికేను లాంతరు ఇదే సూత్రమునకు మరియొక అవతారము. ఇరుప్రక్కల నున్న రేకుగొట్టములు పట్టుకొనుటకని భ్రమపడుదురు. అవి గాలిని బర్నరునకు దించు మార్గములు. అమెరికాలో జాన్ ఇర్విన్ 1860ల చివర ఈ గొట్టములను కల్పించెను. మొదటి రకములో పొగ కలిసిన వేడిగాలి దిగెడిది, 1870లలో శుద్ధమైన చల్లనిగాలి దిగునట్లు సవరించినంతనే వెలుగు బాగుగా హెచ్చినది.

కొసకు మసియొక్క పనియే పోయెను. వియన్నా రసాయనజ్ఞుడు కార్ల్ ఆవర్ 1885లో పేటెంటు పొంది, 1891లో 99 పాళ్ల థోరియము, ఒక పాలు సీరియము ఆక్సైడులతో పరిపూర్ణము చేసిన జాలీసంచి నీలిజ్వాలలో వేడెక్కి, మసికంటె ఎంతో తెల్లని వెలుగునిచ్చును. దానికి కావలసిన థోరియము మోనజైటు ఇసుకలో కలదు. 1909లో తిరువాన్కూరు తీరమున అది బయటపడినది, మన భీమునిపట్నము ప్రాంతపు సముద్రతీరముననుండు ఇసుకలలోను ఉన్నది. ఆ కాలముననే చికాగోలో పుట్టిన అలాడిన్ దీపము గొట్టపువత్తి బర్నరుపై ఈ జాలీని నిలిపినది. దాని చిమ్నీ మిక్కిలి పొడవు, మిక్కిలి సన్నము; ఎందుకనగా ఇప్పుడు కావలసినది మసి పుట్టనీయని నీలిజ్వాల, దానికి గాలి హెచ్చుగా కావలెను. ఇట్టి దీపమును వెలిగించువారు వత్తిని ఒక్కసారిగా ఎక్కించరాదు. చిమ్నీ వేడెక్కి లాగుడు కుదురుటకు ముందే వత్తి పెరిగినచో జాలీపై నల్లనిమచ్చ పడును. అది కానవచ్చినంతనే వత్తిని బాగుగా దించి కొంతసేపు విడిచినచో, చిమ్నీ లాగుచున్న గాలికి ఆ మసి తనంత తాను కాలిపోయి జాలీ మరల తెల్లబడును.